ఒకే దుప్పటి, రెండు జీతాలు

ఆసుపత్రి లాండ్రీ గది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే దుప్పటిని చెరో వైపు పట్టుకుని మడత పెడుతున్నారు. పెద్దామె పరాయి దేశం నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయింది. చిన్నామెది ఈ ఊరే. పనిలో చేరి మూడు వారాలు.

“మళ్ళీ చెప్పు. ఎంతన్నావ్?”

“వద్దులే అక్కా. నోరు జారాను.”

“జారావుగా. నాకంటే మూడో వంతు ఎక్కువ. అంతేనా?”

“అంతే. మిషన్ ఎలా తిప్పాలో నాకు నేర్పిందే నువ్వు. నిజంగా నాకు తెలీదక్కా, నిజంగా...”

“కొస వదిలేశావ్, పట్టుకో. నువ్వెందుకే ఏడుస్తావ్, పిచ్చిదానా? నీది తగ్గించమనట్లేదు. నాది పెంచమంటున్నా.”

“అడిగావా?”

“నాలుగుసార్లు. ఇక్కడి ట్రైనింగ్ సర్టిఫికెట్ లేదంటాడు సూపర్‌వైజర్. నెత్తుటి మరక సర్టిఫికెట్ చూసి పోతుందా?”

“నాక్కూడా లేదక్కా.”

“ఏది?”

“సర్టిఫికెట్. నన్నసలు అడగలేదు.”

“అడగలేదా?”

“ఊహూఁ. మీది ఏ ఊరని అడిగాడు. ఇక్కడే, బస్టాప్ వెనక సందన్నా. రేపట్నుంచి రమ్మన్నాడు.”

“ఓహో. అయితే ఈ కాగితం చదివి చూడు. పై ఆఫీసుకి రాశా. ఒకే పనికి ఒకే జీతం ఇవ్వమని.”

“సంతకాలేవి?”

“బయటి దేశాలవాళ్ళం పదకొండుమందిమి ఉన్నాం. అందరూ పెడతామనేవాళ్ళే. మొదట ఎవరంటే మాత్రం అందరి చూపూ నేల మీదే. పైనున్న పేరుకేగా దెబ్బ! ఇక్కడ పనిచేసే పర్మిట్ సూపర్‌వైజర్ ఆపేశాడంటే పెట్టె సర్దుకుని మా దేశం పోవడమే.”

“మరి?”

“నేనే పెడతా. తొమ్మిదేళ్ళు నోటిమాటగా అడిగి ఊరుకున్నా, ఏం ఒరిగింది? రేపు మా పిల్ల పనికెళ్ళినా దాని చేతిలోనూ ఇంతే పెడతారు.”

“బావగారేమన్నారు?”

“వద్దన్నాడు. అలిగి తిండి మానేశాడు. పొద్దున చూస్తే నా సంచిలో పెన్ను పెట్టి ఉంది.”

“అక్కా, సూపర్‌వైజర్ వస్తున్నాడు...”

“ఏంటమ్మా ముచ్చట్లు? చేతిలో ఏంటది?”

“మీ ద్వారా పై ఆఫీసుకి పంపాల్సిందే సార్. ఒక్క నిమిషం.”

“ఇటివ్వు. ఊఁ... ఒకే జీతమా? వచ్చే నెల నీ పర్మిట్ కాగితం నా బల్ల మీదకే వస్తుంది. గుర్తుందా?”

“ఉంది సార్. బాగా గుర్తుంది. ఆ అర్జీ ఇటివ్వండి, సంతకం పెట్టాలి.”

“అక్కా, ఆగు. పెన్ను నాకివ్వు.”

“నీకెందుకే? నీ జీతం బానే ఉందిగా!”

“అందుకే. సార్, పై వరుసలో నా పేరు రాస్తున్నా. చెప్పండి, నన్ను ఏ దేశానికి పంపిస్తారు?”