ఇప్పచెట్ల బాట: లాల్‌సింగ్ గారి పదవీ విరమణ వేళ

1996 జులై పదిహేనో తేదీ సోమవారం నాడు, టేకులపల్లి నుంచి వచ్చిన తొలి బస్సు దిగి, మెడలో ఈలతో, చేతిలో నియామక పత్రంతో శ్రీ బాణోత్ లాల్‌సింగ్ గారు మన కళాశాలలో వ్యాయామ అధ్యాపకులుగా చేరారు. అదే రోజు నేనూ చేరాను. హాజరు పట్టీలో ముందు సంతకం నాదే అయినప్పటికీ, ముప్పై ఏళ్లుగా విద్యార్థులు ముందు నమస్కారం పెట్టేది వారికే. ఈ సంగతి నాకు ఏనాడూ మింగుడు పడలేదని ఈ శుభసందర్భాన సవినయంగా మనవి చేస్తున్నాను.

తొలి దశాబ్దంలో వారు రాళ్ల దిబ్బను మైదానంగా మార్చి, అందులోంచి రాష్ట్రస్థాయి ఖోఖో క్రీడాకారిణులను తీర్చిదిద్దారు. నేను ఆరు పరిశోధనా పత్రాలు రచించాను. వాటిని ఎవరు చదివారో భగవంతునికే ఎరుక. 2014లో ఉద్యానాలు, వినోదం, ఫిట్‌నెస్ అనే డిగ్రీ కోర్సు ప్రారంభమైనప్పుడు శాఖాధిపతిని నేను, పాఠ్యప్రణాళిక నాది. నా తరగతిలో ఆవలింతలు, గోడ అవతల వారి తరగతిలో నవ్వులు. కడుపు మండదా మరి!

విద్యార్థుల ప్రాక్టికల్స్ నిమిత్తం ములకలపల్లి అడవి అంచున ఒక పార్కుకు నేను రూపకల్పన చేశాను. గుండ్రటి నడకబాట గీసి, చుట్టూ కంచె వేయించి, గేటు ఉదయం ఆరింటికి ముందు తెరవకూడదని నియమం పెట్టాను. కంచె లోపల పడిన నలభై ఇప్పచెట్ల సంగతి నాకు తట్టనే లేదు. ఎండాకాలం వచ్చింది. తెల్లవారకముందే రాలే పువ్వును ఏరుకునే గూడెం ఆడవాళ్లు బుట్టలతో గేటు బయట ఆగిపోయారు. మా విద్యార్థి పవన్ తల్లి పుల్లమ్మ నన్ను నిలదీసింది: “ఏంది సారూ, ఇప్పపువ్వు మీ గడియారం చూసి రాలుతదా?”

నేను నిబంధనలు వల్లించాను. లాల్‌సింగ్ గారు తాళం తీశారు. మర్నాడు తరగతినంతా పుల్లమ్మ వెంట నడిపించి, ఆమె ఎంత దూరం నడిచిందో, ఎన్నిసార్లు వంగి లేచిందో రాయించారు. “గీ అమ్మ కంటె పెద్ద ఫిట్‌నెస్ పాఠం నాకాడ లేదు బిడ్డా” అన్నారు. నెల తిరిగేసరికి కంచె పోయి గేటొక్కటే మిగిలింది. ఆ ఆడవాళ్ల కాలిదారి వెంటే కొత్త నడకబాట పడింది.

విశ్వవిద్యాలయ పరిశీలకులు వచ్చి, ఆ బాటను మెచ్చుకొని, ఎవరి ఆలోచన అని అడిగారు. “నాదే” అన్నాను. నోరు జారలేదు, తెలిసే అన్నాను. పక్కనున్న లాల్‌సింగ్ గారు “అవ్, సారే గీసిండు” అన్నారు. కాదని ఉంటే ఒక్కరోజు సిగ్గుపడి ఊరుకునేవాణ్ణి. అవునన్నందుకు ఇన్నేళ్లుగా కుళ్లుతున్నాను. గేటుకు నా పేరుతో బోర్డు వెలిసింది.

వారి సతీమణి మంగ్లి గారు, పిల్లలు ఈ వీడ్కోలు సంచిక చదువుతారని తెలిసే ఈ నిజం ఇక్కడ రాస్తున్నాను. మొన్న ఆ బోర్డు నేనే తీయించి, లాల్‌సింగ్ గారి పేరుతో కొత్తది పెట్టిస్తానని పుల్లమ్మకు చెప్పాను. ఆమె నెత్తిమీది బుట్ట దించకుండానే నవ్వింది.

“బోర్డెందుకు సారూ? అది లాల్‌సింగ్ సారు బాటని ఊరందరికీ ఎరుకే. మీ పేరు ఎవ్వరూ చదవనే లేదు.”

లాల్‌సింగ్ గారూ, నిండు నూరేళ్లు మోకాలి నొప్పి ఎరుగకుండా, మంగ్లి గారు తోడుగా మీరు ఆ బాట మీద నడవాలి. రేపు ఉదయం ఐదింటికి గేటు దగ్గర ఉంటాను. మీ వెనక నడవాలంటే నాకింకా అసూయగానే ఉంది. అయినా వస్తాను.

— వెంకటనారాయణ, శాఖాధిపతి