లోపలి గడియ

పట్టపగలు, మూడో అంతస్తులో ఒక ఇల్లు. స్నానాలగదిలో గడియ పెట్టుకుని తల్లి ఉంది. తలుపు బయట భర్త, అతని చంకలో నెలన్నర పసివాడు, పక్కన పనిముట్ల సంచితో వడ్రంగి. పిల్లాడి ఏడుపుకి ఇల్లు ఎగిరిపోతోంది.

"పగలగొట్టు! ఏం చూస్తున్నావ్, పగలగొట్టు!"

"ఆగండి సార్. గడియ దగ్గర ఉలి దింపితే తలుపు నిలువునా చీలిపోతుంది. అమ్మగారిని ఇంకోసారి అడగండి."

"ఇందాకట్నించీ అడుగుతూనే ఉన్నా. ఏమే, తీస్తావా లేదా?"

"తియ్యను."

"పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే పని వదిలేసి పరిగెత్తుకొచ్చా. పిల్లాణ్ణి ఊయల్లో పడేసి గడియ పెట్టుకుంటావా? తల్లివేనా నువ్వు? బయటికి రా, చేతులు విరగ్గొడతా!"

"విరగ్గొట్టండి. మీకు పుణ్యముంటుంది."

"సార్, సార్, తలుపుని తన్నకండి. చేతిలో పిల్లాడున్నాడు."

"రోజూ ఇదే గోల! నీ పాలే వాడికి పడట్లేదని మా అమ్మ మొదట్నించీ మొత్తుకుంటోంది."

"నా పాల తప్పు కాదు. డాక్టరమ్మ చెప్పింది. అయిదుగురు పిల్లల్లో ఒకరు ఇలాగే ఆగకుండా ఏడుస్తారట."

"నిజమే సార్, మా పెద్దదీ ఇంతే. వీధి వీధంతా లేచి కూచునేది."

"నిన్నడిగానా? ఆ ఒక్కడూ నా కొంపలోనే పుట్టాలా?"

"పొట్ట ఇంకా కుదురుకోదట. పాలతో పాటు గాలి మింగేస్తారట. హడావిడిగా పట్టినా, తాగాక తేన్పించకపోయినా ఎక్కువవుతుందట. ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే మరీనట. ఇదీ కారణం అని ఎవరూ తేల్చి చెప్పలేరట. మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుందట."

"సిగరెట్టా! చివరికి నా నెత్తిన పెట్టావ్! నేను కిటికీ దగ్గర కాలుస్తా."

"కిటికీ దగ్గర నిలబడి ఇంట్లోకి వదుల్తారు."

"ఇన్ని తెలిసినదానివి లోపల దాక్కున్నావేం? చెప్పు!"

"దిండు తీసుకున్నా."

"ఏంటి?"

"ఎత్తుకున్నా, ఊపా, పాడా, తేన్పించా. ఆగలేదు. దిండు తీసుకున్నా. వాడి మొహం దాకా తెచ్చా. దాన్ని అక్కడే విసిరేసి ఇక్కడికొచ్చి గడియ పెట్టుకున్నా. ఒళ్ళు స్వాధీనం తప్పితే వాణ్ణి ఊయల్లో వేసి పక్కగదిలోకి వెళ్ళిపొమ్మని డాక్టరమ్మే చెప్పింది."

"చంపేదానివా! నా కొడుకుని చంపేదానివా! సుత్తి ఇటివ్వవయ్యా, ఇవాళ దీన్ని..."

"వద్దు సార్! ఒంటిచేత్తో సుత్తేంటి, పిల్లాడు జారిపోతాడు!"

"ఇవ్వమంటున్నానా! అబ్బ, నువ్వు ఊరుకోరా! ఊరుకో! తల పగిలిపోతోంది. ఊరుకోమంటే... నోరు మూస్తావా లేదా? ముయ్! ముయ్!"

"సార్! తల! పిల్లాడి తల! అలా కుదపకండి సార్!"

"ఏవండీ? ఏం చేస్తున్నారు? అన్నా, ఏం చేస్తున్నాడాయన? వాణ్ణి లాక్కో అన్నా, లాక్కో!"

"లాక్కున్నా. లాక్కున్నానమ్మా. నా దగ్గరున్నాడు."

"ఏడుస్తున్నాడా? గట్టిగానే ఏడుస్తున్నాడా?"

"వినపడట్లేదా తల్లీ, చెవులు చిల్లులు పడుతుంటే."

"ఏడవనీ. ఏడవనీ నాన్నా, ఏడువు. ఆయనేరీ?"

"గోడకి కూలబడ్డారమ్మా. చేతులు చూసుకుంటున్నారు. సార్, డాక్టరమ్మ కింది వీధిలోనే కదా. ఇప్పుడే చూపించాలి సార్, ఆలస్యం చెయ్యకూడదు."

"తీసుకెళ్ళవయ్యా. పరిగెత్తు. నాకివ్వకు. నేనడిగినా ఇవ్వకు."

"మరి తలుపు?"

"తలుపు జోలికి పోకు. ఇదిగో, వింటున్నావా? నేనే. కొట్టనే, ఒట్టు. గడియ తియ్యి. కాస్త జరిగి నన్నూ లోపలికి రానియ్యి."