ఫ్రాన్సిస్ కాల్చిన ఈస్టరు గుడ్ల ట్రే

ఆళ్లగడ్డలో బీజాన్ టీ అంగడి ముందర బెంచీ మీద ఫ్రాన్సిస్ కూర్చున్నాడంటే, వినేవాళ్ల చేతుల్లో టీ చల్లారిపోవాల్సిందే. బేకరీలో బట్టీ కాడ పని ఆయనది. ఆ పొద్దు నంద్యాల నుంచి ప్రేమ్ సాగర్ వచ్చినాడు, చెల్లెలి పెండ్లికి దిగే చుట్టాలకు పొద్దున టిఫను చేసే మనిషిని వెతుక్కుంటా.

"ఇడ్లీ, ఉగ్గాని అందరూ పెడ్తారప్పా. కొత్తది ఏదన్నా కావాల" అన్నాడు.

ఆ ఆర్డరు ఎట్లన్నా తనకే రావాలనిపించింది ఫ్రాన్సిస్‌కు.

"కొత్తదా? మొన్న ఈస్టరుకు మా చర్చిలో ఏం పెట్టినానో అడుగు. బ్రెడ్డు ముక్కలు ట్రేలో పరిచి, గుడ్లు పాలల్లో గిలక్కొట్టి, ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ, కొత్తిమీర కలిపి పైన పోసి, బట్టీలోకి తోసినా. పొంగి, ఎర్రగా కాలి, కత్తి పెడితే దూదిలెక్క తెగింది. నాలుగు ట్రేలు!"

ఇంతవరకూ నిజమే. కానీ ప్రేమ్ సాగర్ కండ్లు పెద్దవైనాయి. ఆ కండ్లు చూసినాక ఫ్రాన్సిస్ నోరు ఆగలేదు.

"నాలుగంటే చిన్నవనుకుంటాండావేమో, ఒక్కోటి మంచమంత. అయినా పాస్టరుగారు మందిని చూసి 'చాలదు ఫ్రాన్సిసూ' అనె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ట్రాక్టరు ట్రాలీ కడిగించి, దాంట్లోనే బ్రెడ్డు పరిపిస్తి. గుడ్లు కలిపేకి పారలు!"

"ట్రాలీ మీ బట్టీలో యాడ పడ్తాదన్నా?" అన్నాడు పక్కనున్న మెకానిక్ ఇంతియాజ్.

"అందుకే కొలిమిగుండ్లకు తోలినాం. ఆడ సున్నం బట్టీలో పెట్టిస్తి. అది పొంగింది నాయనా, పొంగింది, బట్టీ నోరు దాటి రోడ్డు మీదికొచ్చింది. బస్సు నిలబడిపాయ. డ్రైవరు దిగి ఒక ముక్క తిని, ఇంగ బస్సు ఎక్కనంటాడు!"

"మరి వాసన?" రైతు సంజీవయ్య నవ్వు ఆపుకుంటా అందించినాడు.

"సున్నిపెంట దాకా! ఆడి జనం గిన్నెలెత్తుకొని ఘాటు దిగి వస్తాండారు. అంతెందుకు, మిడుతూరు కోళ్లు వరస కట్టి వచ్చినాయి, మా గుడ్లకు ఇంత మర్యాద చేసిన మొగోడు ఎవరా అని!"

బెంచీ బెంచీ అంతా నవ్వింది. ప్రేమ్ సాగర్ కండ్లు తుడుచుకున్నాడు. ఇంక ఆర్డరు తనదేనని ఫ్రాన్సిస్ కాలు మీద కాలేసుకున్నాడు.

గ్లాసులు కడుగుతాన్న బీజాన్ తలెత్తింది.

"అంతా బాగుండాది గానీ ఫ్రాన్సిసన్నా, ఉప్పెందుకు ఎయ్యలేదు?"

ఫ్రాన్సిస్ కాలు మీది కాలు దించినాడు.

"ఆ పొద్దు మీ చర్చి కాడ టీ పోసింది నేనే గదా. ఒక్కొక్కరే నా కాడికొచ్చి, 'రొంత ఉప్పుంటే ఇయ్యమ్మా' అని గుసగుసగా అడిగిరి. పాస్టరుగారు గూడా. నువ్వేమో ఎదురుగా నిలబడి 'ఎట్లుండాది, ఎట్లుండాది' అంటాంటివి. నీ సంబరం చూసి చెప్పేకి ఒక్కరికీ నోరు రాలేదు. ట్రేలు మాత్రం ఖాళీ చేసిరి."

వడ్డించే హడావుడిలో తాను ఒక్క ముక్కన్నా నోట్లో పెట్టుకోలేదని ఫ్రాన్సిస్‌కు అప్పుడు తెలిసొచ్చింది. మొగం ఎర్రబడింది. అయినా తగ్గలేదు.

"అంత పెద్ద ట్రాలీకి... జిల్లాలో ఉప్పు చాల్లేదమ్మా."

ఈసారి బీజాన్ గూడా నవ్వేసింది.

ప్రేమ్ సాగర్ లేచి ఫ్రాన్సిస్ భుజం తట్టినాడు. "ఉప్పు లేకుండానే నాలుగు ట్రేలు తినిపించినావంటే, ఆర్డరు నీకేప్పా." తర్వాత అంగడి వైపు తిరిగినాడు. "బీజానక్కా, నువ్వు గూడా బండెక్కాల. ఆయప్ప చెప్పేది చెప్తాంటాడు, నువ్వు ఉప్పెయ్యి."