మల్సున్ పీల్చిన ఒక్క ఊపిరి

గాలి సోకకుండా రాళ్ళు పేర్చి కట్టిన గోడ నడుమ చలిమంట వెలుగుతున్నది. సముద్రపు అడుగుకు మునిగి నత్తలు ఏరి బ్రతికే ఆ ఊరి ఆడవారు, పొగమంచు విడిపోయేదాకా మంట చుట్టూ కూర్చున్నారు. పైకి తేలినప్పుడల్లా బిగబట్టిన గాలిని వారు ఈలగా విడుస్తారు. ఎవరి ఈల ఎవరిదో అందరికీ తెలుసు. వారిలో చిన్నదైన యొన్‌జు ఈల మాత్రం నెల రోజులుగా వినబడలేదు. ఊపిరి అయిపోతూండగా మరొక్క నత్తకు ఆశపడి ఆమె వెనుదిరిగింది; రాతినుండి నత్తను పెకలించే చేతి పార దాని కింద ఇరుక్కున్నది; పార తాడు మణికట్టుకు బిగిసింది. ఎలాగో బయటపడింది కాని, నాటినుండి నీటిని చూస్తే చాలు, గుండె దడదడలాడుతుంది. ఈ రోజూ దిగలేకపోతే పట్నంలో పని వెతుక్కుంటానని తల్లితో చెప్పి వచ్చింది.

"భయమనేది మన ఊపిరిని మింగే చేప," అన్నది మల్సున్ ముసలమ్మ, నిప్పుల్లో చిలగడదుంపను పొర్లిస్తూ. "నా దగ్గరికి రాదు. ఎందుకంటావా, కడుపు నిండా నెమ్మదిగా పీలుస్తాను, అంతకు రెండింతలు నెమ్మదిగా విడుస్తాను, కోడలి మీది కోపాన్ని ఒడ్డున ఒక రాయి కింద పెట్టేస్తాను. పోయిన వసంతంలో, నాచు కోత మొదలైన రోజున, అలాగే ఒక్క ఊపిరి పీల్చి దిగి, అన్నం ఉడికేంతసేపు ఉన్నాను."

"ఎవరింటి పొయ్యి మీద?" అన్నది ఆమె ఈడుదే అయిన చున్‌జా.

"విను మరి. మనసు ఎంత నిమ్మళించిందంటే, గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ కొట్టుకునేలోగా నా భుజం మీద నాచు మొలిచింది. ఆక్టోపస్ ఒకటి వచ్చి, నన్ను రాయనుకుని, అరచేతిలో తల పెట్టుకుని పడుకున్నది. పొద్దు వాలింది. చందమామ నీళ్ళలోకి దిగి, వణుకుతూ నా పక్కన కూర్చున్నాడు. నెమ్మదిగా విడువు నాయనా అన్నాను, వణుకు తగ్గింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రపు రాజే వచ్చాడు. నదులన్నీ తమ గోడు తెచ్చి తన గుమ్మంలో పోస్తున్నాయట, కంటికి కునుకు లేదట. మనకు తుఫాను అనిపించేది ఆయన ఎగశ్వాసే. తల నిమిరి, నాతోపాటు పీల్చు, నాతోపాటు విడువు అన్నాను. నిద్రపోయాడు. ఆ రోజు సముద్రం అద్దంలా లేదూ?"

"అంతా ఆ ఒక్క ఊపిరితోనేనా?" అన్నది చున్‌జా.

"ఆ ఒక్కదానితోనే. ఇంకా కాస్త మిగిలితే, దుంపల పొయ్యి ఊదుకున్నాను."

యొన్‌జు తల ఎత్తింది. ఇంతసేపూ ఆ కథ వెంట తన ఊపిరీ మెల్లగా నడుస్తున్నదని ఆమె గమనించలేదు.

"పెద్దమ్మా, నాచు కోత రోజున నేను నీ పక్కనే దిగాను. అందరికన్నా ఎక్కువ సార్లు వినిపించింది నీ ఈలే."

మంట చుట్టూ నవ్వులు లేచాయి. చున్‌జా దుంప పొలమారి దగ్గింది. మల్సున్ మాత్రం చలించలేదు.

"అది నేను కాదే పిల్లా. ఆ రాజు. నా దగ్గరే నేర్చుకున్నాడు కదా, ఈల అచ్చు నాలాగే వేస్తాడు."

యొన్‌జు కూడా నవ్వింది. నెల రోజులుగా గొంతులో చిక్కుకున్న గాలి ఆ నవ్వుతో పొడుగ్గా బయటికి పోయింది. పొగమంచు విడిపోతున్నది. ఆమె లేచి, గోడకు వేలాడుతున్న, నీళ్ళలో పెట్టుకునే తన కళ్ళద్దాలు అందుకున్నది.

"ఈ రోజు కూడా నా పక్కనే వేస్తాడా?"

ముసలమ్మ సగం తిన్న దుంపను నిప్పుల అంచున పెట్టి, తన కళ్ళద్దాల కోసం చెయ్యి చాచింది.

"నువ్వు తేలినప్పుడల్లా వేస్తాడు."