గాలి తీసిన కవర్లు

రెండు లక్షల పదివేలు, బావా. గంతే ఉండె నా దగ్గర. లూమ్‌ల మీద నైట్‌షిఫ్టులు చేసి కూడవెట్టినయి కొన్ని, అక్క గొలుసు మీద తెచ్చినయి కొన్ని. వాటితోనే ఈ సచిన్ ఇండస్ట్రియల్ ఏరియాల ఈ షెడ్డు లేసింది. నువ్వు సూది పట్టుకొని ఒక్క పూటల దాన్ని కూలగొట్టినవ్.

నవ్వుడు బంద్ చెయ్యి జర.

చీరల ప్యాకింగ్‌ల నీ అసొంటోడు లేడు, ఒప్పుకుంట. కవర్ల గాలి ఉంటే ఒకదాని మీదొకటి పెట్టిన థప్పీ జారుతదని మూలలకు సూది గుచ్చి, అరచేత్తోని ఒత్తి పేరుస్తరు. మార్కెట్ల అందరు చేసేదే. కని ఇవి చీరలా? తూటా ఆపే జాకెట్లు.

లోపల ఏమున్నదనుకున్నవ్? ఇనుము లేదు, రేకు లేదు. ఇరవై రెండు పొరల బట్ట, అంతే. తూటా తాకంగనే దారాలన్ని కలిసి దాన్ని పట్టి గుంజాలె, దెబ్బను పక్కలకు పంచాలె. గందుకే కుట్టు గూడ అంచులకే వేసిన. ఆ బట్టకు ఎండ పడదు, తడి పడదు. ఎండ తగిలితే దారం సత్తువ పోతది. తడిస్తే దారాలు జారి తూటాకు సందు ఇస్తయి. నల్ల కవర్ల వెట్టి, చుట్టూర వేడితోని అతికిచ్చింది గందుకే. మడత పెట్టకు, పండవెట్టి దాయి అని నీకు చెప్పిన్నా లేదా?

ఆఁ, సూది గుచ్చొద్దని చెప్పలే. నువ్వు గుచ్చుతవని నాకేమన్న కలొచ్చిందా?

సాంపిల్‌కు ఉంచినదాన్ని టబ్బుల ముంచితే నాలుగు మూలలకెంచి బుడగలు. తక్కిన పదకొండు పొద్దుగాలనే టెంపోల సెక్యూరిటీ ఏజెన్సీకి పోయినయి. జాకెట్‌కు ముందట కవరొకటి, ఎనక కవరొకటి, మూలకొక పోటు. ఎనభై ఎనిమిది బొక్కలు, బావా.

ఎవ్వనికి కనవడయా? చెమటకు కండ్లుంటయా ఏంది, చూసి లోపలికి పోనీకి? మన గోడాదరా బస్తీల ఉండే సాంబయ్య కాక బ్యాంకు పైసల బండి పక్కన పొద్దంత ఎండల నిలవడుతడు. జాకెట్ నాప్, కొలతలన్ని ఆయన ఛాతీ మీదనే తీసిన. సాంపిల్ తొడిగిచ్చి చూస్తే, "గిది తొడిగితే నాకు భయం పోయింది బిడ్డా" అన్నడు. భయం పోయినోడు దొంగను చూసి ఎనకకు జరుగడు, ముందటికి నడుస్తడు. గది సమజైతుందా నీకు?

టేపు అతికిస్తవా? ఇది రెయిన్‌కోటు కాదు.

ఆర్డర్ పోతది, ఎర్కనే. ఎనక వచ్చే ఆర్డర్ గూడ పోతది. అక్కకు నువ్వే చెప్పు, గొలుసు ఇప్పట్ల రాదని.

నిజం చెప్పాల్నా? టబ్బుకాడ కూసున్నప్పుడు నాకు గూడ అదే అనిపిచ్చింది. ఎవడు చూస్తడు, పోనీ అని. సాంపిల్‌ను తుడిచి మళ్ల షెల్ఫ్‌ల పెట్టిన గూడ. గందుకే నీ మీద గింత మండుతున్నది, నువ్వు నా నోట్ల మాటనే అంటున్నవ్.

ఫోన్ ఇటియ్యి. ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు చేస్తున్న. తొడిగినోళ్లందరు ఇప్పుడే విప్పాలె.

రింగైతున్నది. నువ్వు సప్పుడు చెయ్యకు.