సముద్రం కింద బొగ్గు తగిలిన సంగతి

టేకులపల్లి పోలీసు స్టేషనులో ఎస్సై శ్రీదేవి గారి ఎదుట చెప్పగా, హెడ్ కానిస్టేబుల్ భీమ్లా గారు రాసుకున్నది.

నా పేరు హర్షిత, తండ్రి పేరు సమ్మయ్య, వయసు ఇరవై రెండు, ఎమ్మెస్సీ జియాలజీ విద్యార్థిని, ఊరు టేకులపల్లి. మా నాయిన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డ్రిల్లరు. సముద్రంలోని బావి రహస్యాన్ని, దాని లోతుతో సహా, నా నుంచి రాబట్టి బయటపెట్టాడని ఆయన మీద నేను శిక్షణలో ఉన్న చమురు కంపెనీ ఫిర్యాదు చేసింది. పొద్దున్నుంచి ఆయన ఈ స్టేషను వరండాలో కూర్చుని ఉన్నాడు.

నేను గత నెల నుంచి కాకినాడ అవతల సముద్రంలో ఒక రిగ్గు మీద శిక్షణలో ఉన్నాను; ఈ ఫిర్యాదు సంగతి తెలిసి ఊరికి వచ్చాను. చమురో గ్యాసో ఉందేమో తెలుసుకోవడానికి అక్కడ బావి తవ్వుతున్నారు. తవ్వే కొద్దీ, బావిలోకి పంపే బురదతో పాటు రాతి ముక్కలు పైకి వస్తాయి. కంపెనీ వాళ్లు కటింగ్స్ అంటారు, నేను పలుకులు అంటాను. ఇక్కడా అలాగే రాయమని కోరాను. వాటిని జల్లెడ దగ్గర పట్టి, కడిగి, మైక్రోస్కోపు కింద చూడడం నా పని.

పదకొండో తేదీ మధ్యాహ్నం నల్ల పలుకులు వచ్చాయి. మా సీనియర్ శ్రావణి మేడమ్, "బురదలో మనం కలిపే లిగ్నైట్ బొగ్గు పొడి అయ్యుంటుంది, పక్కన పెట్టు" అన్నారు. నేను పెట్టలేదు. పొడి మసకగా ఉంటుంది. ఇవి అద్దంలా మెరుస్తున్నాయి, సూదితో నొక్కితే చదరపు ముక్కలుగా విరుగుతున్నాయి. మా ఇంటి ముందు లారీల నుంచి రాలే బొగ్గు అలాగే విరుగుతుంది. పొడి కలపడం ఆపి చూద్దామని అడిగాను. మేడమ్ ఆపించారు. ఆ తర్వాతి నమూనాల్లోనూ బొగ్గు వచ్చింది, గ్యాసు రీడింగు కూడా పెరిగింది. లోతున మగ్గిన బొగ్గు నుంచి గ్యాసు పుడుతుంది. మేడమ్ నవ్వి, "బొగ్గు పిల్లా, రిపోర్టులో నీ పేరు రాస్తా" అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేశాను. నాయిన అడగలేదు, నేనే చెప్పాను.

"నాయినా, సముద్రం కింద బొగ్గు తగిలింది. నేనే గుర్తుపట్టిన."

"ఏందీ, నిజమా! ఎంత లోతుల?"

"అది నేను చెప్పరాదు. మా పెద్ద సార్లు చెప్పాలె."

"అవ్, డ్యూటీ అంటే గట్లనే ఉండాలె."

నాయిన వాళ్ల గ్యాంగులో కొత్త బోరుకు బొగ్గు తగిలితే మెషీను ముందు కొబ్బరికాయ కొట్టి షిఫ్టంతా చెప్పుకుంటారు. లోతు మాత్రం ఇన్‌చార్జి చెబుతాడు. మర్నాడు నాయిన కాయ కొట్టి, గ్యాంగు వాట్సాప్‌లో, "మా బిడ్డ సముద్రంల బొగ్గు పట్టింది, మీ పిల్లలు ఎవరన్నా పట్టిండ్రా గిట్ల?" అని వాయిస్ పెట్టాడు. అది చేతులు మారి కంపెనీకి చేరింది. బావిలో ఏది దొరికినా బయట చెప్పనని సంతకం చేసింది నేను, నాయిన కాదు. చిన్నప్పటి నుంచి చూసిన పద్ధతే అక్కడా నడుస్తుందనుకున్నాను. తప్పు నాది.

ఎస్సై మేడమ్ ఇప్పుడు లోతు ఎంతని అడిగారు. చెప్పనన్నాను.

"పోలీసులకు గూడ చెప్పవా?"

"కంపెనీ ఒప్పుకుంటే చెబుతా మేడమ్."

వరండాలోంచి నాయిన గట్టిగా అన్నాడు: "ఎంత అడిగినా చెప్పదు మేడమ్! కన్నతండ్రిని, నాకే చెప్పలే!"

ఎస్సై మేడమ్ నవ్వారు. "భీమ్లా, ఆ మాట గూడ రాయి. ఆయన్ని ఇంటికి పంపు" అన్నారు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఇవి నా మాటలే, నిజాలే. లోతు దగ్గర ఖాళీ వదిలారు. దాన్ని అలాగే ఉండనివ్వమని కోరుతూ సంతకం చేస్తున్నాను.

(సంతకం) హర్షిత