దేవదాసు ఫైలు మీద పేరు

అధ్యక్షులు మేనేజర్ సారుకు, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వెనక నిలబడ్డ కంపెనీ బిడ్డలందరికీ ముత్తవ్వ దండాలు. మెస్‌లో రొట్టెలు చేసేదానికి మైకు ఎందుకిచ్చారో తెలియదు. పెద్దులూ, నవ్వకు, రేపు నీకు మాడిన రొట్టే. (నవ్వులు)

పని చాలించుకుని రేపు ఈ పరాయి దేశం విడిచి కడపకు వెళ్తున్న వహాబ్ భాయ్ మంచివాడని అందరూ చెప్పారు, నేనూ చెబుతాను, కానీ నాకు ఆయన మీద కుళ్లు. నా కొడుకు దేవదాసు నాలుగేళ్లు కంప్యూటర్ గదిలో ఆయన పక్కన కూర్చున్నాడు. నా దగ్గరికొచ్చి నాలుగు ముద్దలు తిని, "అలిసిపోయిన అవ్వా" అని పడుకునేవాడు. మాటలన్నీ ఆయనకు, గురక నాకు.

పోయినేడు కారు బోల్తాపడి వాడు పోయాడు. మూడో రోజునే, వాడు రాసిన ప్రోగ్రాములన్నీ కంప్యూటర్ టేపులోకి మూటకట్టి, సలాలా ఊళ్లో ఉన్న మన ఇంకో ఆఫీసుకు పంపింది వహాబ్ భాయే. అక్కడ విప్పి చూస్తే ప్రతి ఫైలు మీదా అబ్దుల్ వహాబ్ అని ఉందట. రొట్టెల కర్రతోనే పోయి అడిగాను: "నా కొడుకు పోయి పదొద్దులు గాలే, వాని పేరు గూడ మింగినవా?"

"ముత్తక్కా, ఎవరి ఫైలు వాళ్ల పేరు మీదే ఉండాలని మిషన్‌కు చెప్పి మూట కట్టల్ల. చెప్పకపోతే కట్టినోడి పేరు పడతాది. ఆ పొద్దు నా మతి నా దగ్గర లేదు" అన్నాడు. టేపు వెనక్కి తెప్పించి మళ్లీ కట్టాడు. పేరొక్కటే కాదు, ఏ ఫైలు ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అని వాడు పెట్టిన కట్టుబాట్లన్నీ ఉన్నవి ఉన్నట్టే పంపాడు.

అక్కడే చిక్కొచ్చింది. గోదాము సామాన్ల ఫైలు అందరూ చదవొచ్చు, మార్చేది దేవదాసు ఒక్కడే. కొత్త సామాను వచ్చింది, మార్చక తప్పదు. మిషన్‌లో తనకున్న పెద్ద అధికారంతో మార్చేయమని సలాలా వాళ్లు అన్నా వహాబ్ భాయ్ వినక, "వాళ్లమ్మనడిగి వస్తా" అని మెస్‌కు వచ్చాడు. పిండిలోంచి తలెత్తకుండా వద్దన్నాను. ఆరు నెలలుగా సలాలా వాళ్లు కొత్త సామాను చేత్తో రాసుకుంటున్నారు, ఈయన తిట్లు తింటున్నాడు. సారూ, ఆ తప్పు నాది.

ఎందుకంటే వాడు రాసింది నాకు చదవరాదు, ఈయనకు వచ్చు. ఈయన చదువుతుంటే వాడింకా ఈయనతోనే మాట్లాడుతున్నట్టుండి నా కడుపు మండేది. ఇప్పుడూ మండుతోంది.

కానీ ఎల్లుండి ఆ కుర్చీలో ముఖమెరగనివాడు కూర్చుంటాడు. ఆ కొత్తవాణ్ణి నా కొడుకు ఫైలు అసలే ముట్టనివ్వను. వహాబ్ భాయ్, ఆ దండ తీసి పక్కన పెట్టు, టీ తాగు, పోయి నువ్వే మార్చు. పేరు మాత్రం వాడిదే ఉండనీ. నేను పక్కన కూర్చుంటాను, వాడేం రాశాడో ఒక్కో వరుస నాకు పైకి చదివి చెప్పు.

ఓపికతో విన్న మీ అందరికీ దండాలు. మా ఇద్దరికీ పనుంది, సెలవు.